చెయ్యి సక్కగనే ఉన్నది, కాయిదానికే పతార లేదు

పోయిన నెల శాలిబండల ఒక ఇరానీ హోటల్ల నా పాత దోస్తు కలిసిండు. బార్కస్ దిక్కు ఉంటడు. పదిహేడేండ్లు ఈ పట్నంల కారు నడిపిండు. పెండ్లి బండ్లు నడిపిండు, ఎయిర్‌పోర్టు ట్రిప్పులు కొట్టిండు, అర్ధరాత్రి దవాఖానకు ఎవలు పిలిచినా పోయిండు. రంజాన్ నెలల మదీనా చౌరస్తా కాడ, కాలు వెట్ట సందు లేని జాగల, బండికి గీత పడకుంట బయటికి తీసే మనిషి. ఆయనకు డ్రైవింగ్ రాదంటె మా గల్లీల పిల్లలు సుత నవ్వుతరు.

గా మనిషి దుబాయ్ పోయి ఏడు నెలలకే వాపస్ వచ్చిండు. ఏమైంది భాయ్ అంటె, చాయ్ సాసర్ల పోసుకుంట ఒక్కటే మాట అన్నడు. "హాథ్ తో సీదా హై భాయ్, కాగజ్‌కీచ్ కీమత్ నై." చెయ్యి సక్కగనే ఉన్నది, కాయిదానికే కిమ్మతు లేదని.

ఆయన కత గీ పాతబస్తీల ఒక్కరి కత గాదు. బార్కస్, చాంద్రాయణగుట్ట, తలాబ్‌కట్ట, యాకుత్‌పురా, షాహీన్‌నగర్ – ఏ గల్లీల అడిగినా గల్ఫ్ పోయిన డ్రైవరు ఒకడన్న దొరుకుతడు. బార్కస్‌కైతె అరబ్బు దేశాలతోని సుట్టరికమే ఉన్నది. నిజాం ఫౌజుల పనిచేసిన అరబ్బుల బారక్‌లే ఇయ్యాల్టి బార్కస్. ఆనాడు వాళ్లు కొలువుకు ఇటు వచ్చిండ్రు, ఇయ్యాల వాళ్ల మనుమలు, ముని మనుమలు కొలువుకు అటు పోతున్నరు. ఇటుకెల్లి కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెలోళ్లు సుత గదే తొవ్వల ఉన్నరు. అందరి జేబుల తెలంగాణ సర్కారు ఇచ్చిన లైసెన్స్ ఉంటది. ఆడ దిగినంక అది ఫొటో ఉన్న ప్లాస్టిక్ ముక్క అయితది.

ఎందుకట్ల అయితది? తప్పెవలది? పైసలు ఎవలివి పోతున్నయి? గీ మూడు మాటలు జర నిమ్మళంగ మాట్లాడుకుందాం.

మొదాలు ఒక భ్రమ తియ్యాలె. మా దోస్తు పోయేటప్పుడు ఏజెంటు ఏం చెప్పిండంటె, "ఆర్టీఏల ఇంటర్నేషనల్ లైసెన్స్ తీస్కో, ఆడ అది చెల్లుతది" అని. గీ మాట పాతబస్తీల వెయ్యి నోర్ల తిరుగుతున్నది. సగమే నిజం. జనం ఇంటర్నేషనల్ లైసెన్స్ అనేది అసలు లైసెన్సే గాదు. అది పర్మిటు. 1949ల జెనీవాల దేశాలు కూసొని రాసుకున్న రోడ్డు ఒప్పందం ప్రకారం ఇచ్చే బుక్కు. నీ దగ్గర ఉన్న లైసెన్స్ ఏంది, దాంతోని ఏ బండి నడుపొచ్చు అన్నది ఇంకో దేశం పోలీసుకు అర్థమయ్యేటట్టు చెప్పే కాయిదం అది. ఫీజు వెయ్యి రూపాయలు, గడువు ఒక్క ఏడాది. 2022 ఆగస్టుల కేంద్రం దీనికి దేశమంత ఒక్కటే నమూనా పెట్టింది, అసలు లైసెన్సుతోని కలిపే క్యూఆర్ కోడ్ సుత పెట్టింది. అంత బాగనే ఉన్నది. కానీ అది సుట్టం సూపుకు పోయినోనికి, టూరిస్టుకు పనికొస్తది. ఆడ నౌకరి వీసా మీద ఉండి, ఆ దేశపు ఐడీ కార్డు చేతికొచ్చినంక దానితోని దుబాయ్‌ల బండి నడపరాదు. ఆ దేశపు లైసెన్స్ కావాలె. నడిపి దొరికితె లైసెన్స్ లేకుంట నడిపినట్టే లెక్క. యాక్సిడెంటయితె ఇన్సూరెన్స్ పైసలు గూడ ఎగిరిపోతయి.

మరి ఇక్కడి లైసెన్స్ చూపెట్టి ఆడి లైసెన్స్ తీసుకోరాదా? కొన్ని దేశాలోళ్లకు ఆ సౌలత్ ఉన్నది. యూఏఈ సర్కారు ఒక జాబితా పెట్టుకున్నది. అమెరికా, బ్రిటన్, యూరప్ దేశాలు, జపాన్, దక్షిణ కొరియా, దక్షిణాఫ్రికా – నలభైకి పైన దేశాలున్నయి దానిల. గా దేశాలోడు కండ్ల టెస్టు చేయించుకొని, ఫీజు కట్టి, పాత లైసెన్స్ చూపెట్టి కొత్తది తీస్కపోతడు. ఆ జాబితల మన దేశం లేదు. మనోడు ఫైల్ ఓపెన్ చెయ్యాలె, థియరీ క్లాసులు వినాలె, కంప్యూటర్ పరీక్ష రాయాలె, గ్రౌండుల పార్కింగ్ టెస్టు ఇయ్యాలె, ఆఖరికి రోడ్డు టెస్టు. ఇంటికాడి లైసెన్స్ పాతదైతె క్లాసుల గంటలు కొన్ని తగ్గుతయి, గంతే. 2023ల దుబాయ్ రవాణా శాఖ 'గోల్డెన్ చాన్స్' అని ఒకటి తెచ్చింది. ఇంటి లైసెన్స్ ఉన్నోడు క్లాసులు లేకుంట సీదా టెస్టుకు పోవచ్చు. కానీ ఒక్కటే చాన్స్. తప్పితె మల్ల క్లాసులకాడికే రావాలె.

సౌదీల ముందుగాల నడిపించి చూస్తరు. చెయ్యి ఎట్లున్నదో చూసి ఎన్ని గంటలు నేర్చుకోవాల్నో చెప్తరు. కువైట్ కత ఇంకోతీరు. ఆడ బయటిదేశపోనికి లైసెన్స్ కావాలంటె డిగ్రీ ఉండాలె, నెలకు 600 దినార్ల జీతం ఉండాలె, రెండేండ్ల సంది ఆడ ఉండాలె అని ఏండ్ల సంది కాయిదా నడిచింది. ఇండ్లల్ల పనిచేసే డ్రైవర్లకు అది మాఫ్ అన్నరు. గని ఆ మాఫీ నౌకరికి కట్టేసి ఉంటది. డ్రైవరు పని పోతె లైసెన్స్ సుత పోతది. అంటె ఇంజినీరుకు లైసెన్స్ ఒక హక్కు లెక్క, డ్రైవరుకు మాత్రం కఫీలు చేతిల ఉన్న తాళంచెవి.

ఇగ మా దోస్తు సంగతి. ఒక కంపెనీ హెల్పర్ వీసా ఇచ్చింది. "ముందు సామాన్లు ఎత్తు, సాయంత్రాలు క్లాసులకు పో, లైసెన్స్ వచ్చినంక డ్రైవర్ జీతం ఇస్తం" అన్నరు. క్లాసుల పైసలు కంపెనీ కట్టి, జీతంల కెల్లి నెలనెలా కోసుకున్నది. థియరీ పాసయిండు. పార్కింగ్ రెండోసారికి పాసయిండు. రోడ్డు టెస్టు మూడుసార్లు ఫెయిల్. ఫెయిలైన ప్రతీసారి మల్ల కొన్ని క్లాసులు, మల్ల ఫీజు. మన పైసలల్ల లెక్కేస్తె లక్ష దాటింది. ఇంటికాడ ఏజెంటుకు కట్టిన పైసలకు నెలకు నూటికి మూడు రూపాయల మిత్తి ఉరుకుతనే ఉన్నది. హెల్పర్ జీతంల కోత పోను మిగిలింది తిండికి, రూముకే సరిపోయింది. ఏడో నెల భార్య ఫోన్ చేసి మిత్తోళ్లు ఇంటిమీదికి వస్తున్నరని చెప్పినంక టికెట్ తీసుకున్నడు.

ఇప్పుడు ఒక ఇరకాటపు మాట. మావోళ్లు గీ కత విని "గోరోళ్లకు ఒక న్యాయం, మనకో న్యాయమా" అంటరు. నేను గూడ మొదాలు గదే అన్న. కానీ ఆయన్నే అడిగిన – ఎందుకు ఫెయిల్ చేసిండ్రు? ఆయన సక్కగ చెప్పిండు. ఒకసారి లేన్ మారేటప్పుడు భుజం మీదికెల్లి ఎనుకకు తిరిగి చూడలే. ఒకసారి రౌండబౌట్ల లోపల ఉన్న బండికి దారి ఇయ్యలే. మూడోసారి ముంగటి బండికి మరీ దగ్గరికి పోయిండు. "భాయ్, ఇక్కడ అంత దూరం ఇడిస్తె నడుమ మూడు ఆటోలు దూరుతయి" అన్నడు. ఇద్దరం నవ్వినం. నవ్వినంక ఇద్దరం సప్పుడు చెయ్యలే.

ఎందుకంటె ఆ మూడు తప్పులు తప్పులే. ఆడ స్టీరింగ్ ఎడమ దిక్కు, బండ్లు పోయేది రోడ్డు కుడి దిక్కు. హైవే మీద గంటకు నూటిరవై కిలోమీటర్లు మామూలు. గా వేగంల లేన్ మారేటోడు ఎనుకకు చూడకుంటె మనిషి పాణం పోతది. 2022ల మన దేశం రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయిండ్రు. కేంద్ర సర్కారు లెక్కనే. ఇంత మందిని చంపుకుంటున్న రోడ్ల మీద తిరిగినోని లైసెన్సును ఇంకో దేశం కండ్లు మూసుకొని తీస్కోవాలె అనుడు న్యాయమా? టెస్టు పెట్టుడు అన్యాయం గాదు. ఆ మాట మనం గట్టిగ ఒప్పుకున్నంకనే మిగిలిన మాటలు మాట్లాడే హక్కు మనకుంటది.

మరి అన్యాయం యాడున్నది? చెప్తా.

మా తాతల కాలంల గీ పట్నంల హాలీ సిక్కా నడిచేది. నిజాం సర్కారు రూపాయి. ఇంగ్లీషోల్ల రూపాయిని కల్దార్ అనేటోళ్లు. ఏడు హాలీ రూపాయలు పెడితె ఆరు కల్దార్ రూపాయలు వచ్చేటియి. బొంబాయి పోవాలంటె ముందుగాల మారకం చేసుకోవాలె. గని ఆ సిక్కకు ఎంత తక్కువైనా ఒక మారకం ధర ఉండె. ఎందుకంటె దాని ఎనుక వెండి ఉన్నది, ఒక సర్కారు మాట ఉన్నది. ఇంకో సంగతి సుత సూడుండ్రి. 1966 దాకా దుబాయ్ దిక్కు మన రిజర్వ్ బ్యాంకు అచ్చేసిన గల్ఫ్ రూపాయే నడిచింది. ఒకనాడు ఆడ మన రూపాయి చెల్లింది. ఇయ్యాల మన లైసెన్సుకు మాత్రం ఏడుకు ఆరు గాదు, ఒకటి సుత వస్తలేదు. దాని ఎనుక వెండి లేదు గనుక.

వెండి ఎందుకు లేదో నా సంగతే చెప్తా, ఇంకొకల మీద పెట్టుడెందుకు. నేను పదో తరగతి తప్పినంక నాలుగేండ్లు ఆటో నడిపిన. నా లైసెన్స్ ఎట్ల వచ్చిందంటె, ఒక ఆఫీసు ముంగట చెట్టు కింద జిరాక్స్ డబ్బ ఉండేది. గాడ ఒకాయనకు పైసలిచ్చిన. ఫారాలు ఆయనే నింపిండు. లోపలికి పోతె ఫొటో తీసిండ్రు. ట్రాక్ మీద పది గజాలు ముందుకు పోనిచ్చి "సరే పో" అన్నరు. ఎనిమిది ఆకారం తిప్పలే, ఎనుకకు తియ్యలే, ఒక్క బోర్డుకు అర్థం అడగలే. ఆనాడు నేను మస్తు ఖుషీ అయిన. మూడు నెలలకు గౌలీపురాల కూరగాయల బండిని గుద్దిన. టమాటలే నలిగినయి. ఆ బండి ఎనుక కూసున్న ముసలవ్వ లేసి రెండడుగులు పక్కకు పోయిందో లేదో, అంతే. ఇరవై ఏండ్లయింది, ఆ అవ్వ మొకం ఇప్పటికీ యాదికొస్తది. నా చేతిల పెట్టింది లైసెన్స్ గాదు, నసీబు.

నాసొంటోళ్లు ఎంతమంది? 2019ల మోటారు వాహనాల చట్టం మారుస్తున్నప్పుడు కేంద్రమంత్రి నితిన్ గడ్కరీయే పార్లమెంటుల దేశంల ముప్పై శాతం లైసెన్సులు బోగస్ అని చెప్పిండు. మంత్రే గా మాటన్నంక దుబాయ్ పోలీసు నమ్మాలంటె ఎట్ల నమ్ముతడు? మన దగ్గర గూడ 2024 మే నెలల ఏసీబీ రాష్ట్రంల చానా ఆర్టీఏ ఆఫీసుల మీద ఒకేసారి తనిఖీలు చేసింది. ఏజెంట్లు లేకుంట లోపల పని నడుస్తలేదని ఏసీబీ వచ్చి చెప్పాల్నా? లైన్ల నిలబడ్డ ప్రతీ మనిషికి ఎరుకే.

ఎవన్నీ ఫెయిల్ చెయ్యని పరీక్షల పాసైన కాయిదానికి విలువుండది. ఇదీ అసలు సంగతి. ఇక్కడ ఐదు నిమిషాలల్ల, ఐదు వేలల్ల దాటేసిన పరీక్షను మా దోస్తు ఆడ ఏడు నెలలు, లక్ష రూపాయలు పెట్టి రాసిండు. ఇక్కడ మిగిల్చిన కష్టం ఆడ మిత్తితోని కట్టిండు.

ఇగ దీనికి ఇంకో దిక్కు సూడుండ్రి. మన 1988 మోటారు వాహనాల చట్టంల తొమ్మిదో సెక్షన్ ఉన్నది. అది ఏమంటదంటె, బయటి ఏ దేశపు సర్కారు ఇచ్చిన లైసెన్స్ ఉన్నోడైనా, గదే రకం బండికి, ఇక్కడ మల్ల డ్రైవింగ్ టెస్టు ఇచ్చే అవసరం లేదు. డాక్టరు సర్టిఫికెట్ కాడి షరతు ఒక్కటి ఉంటది. ఏ దేశం అని అడుగది. వాళ్లు మన లైసెన్సును ఒప్పుకుంటరా అని గూడ అడుగది. మనం అందరికీ తలుపు తీసి పెట్టినం. అవతలోడు మన మొకం మీద తలుపేసిండు. ఏసినోన్ని తప్పు పట్టే ముందు, తీసి పెట్టినోడు ఒక్కసారన్న "మరి మావోళ్ల సంగతేంది" అని అడిగిండా?

బ్రిటన్ సంగతి ఇంకా ముచ్చటుంటది. ఆడ ఉండేతందుకు పోయిన మనోడు మన లైసెన్సుతోని ఏడాది నడుపొచ్చు. తర్వాత థియరీ, రోడ్డు రెండు టెస్టులూ పాస్ కావాలె. జర్మనీల ఆరు నెలలే. కానీ యూఏఈల టెస్టు పాసై తెచ్చుకున్న లైసెన్స్ ఉన్నోడు బ్రిటన్ల 2021 సంది టెస్టు లేకుంట మార్చుకోవచ్చు. అంటె గదే మా దోస్తు, గవే చేతులు – దుబాయ్ ముద్ర పడితె లండన్ల చెల్లుతడు, హైదరాబాద్ ముద్రతోని దుబాయ్‌ల గూడ చెల్లడు. చర్మం రంగు ఒక్కటే లెక్కయితె యూఏఈ పేరు బ్రిటన్ జాబితల ఎట్ల ఎక్కింది? ముద్ర ఎనుక పరీక్ష ఉన్నది, ఆ పరీక్ష గురించి ఒక సర్కారు ఇంకో సర్కారుతోని కూసొని మాట్లాడింది. గీ రెండూ మనకు లేవు.

మాట్లాడరాదా అంటె మాట్లాడొస్తది. 2022 ఫిబ్రవరిల యూఏఈతోని పెద్ద వాణిజ్య ఒప్పందం చేసుకున్నరు, మే ఒకటి సంది అమలుల ఉన్నది. బంగారానికి సుంకం తగ్గించుకున్నరు. మంచిదే, చార్మినార్ కాడి నగల దుకాణపోళ్లకు ఫాయిదా. 2014ల సౌదీతోని, 2021ల కువైట్‌తోని ఇంటి పనోళ్ల గురించి ఒప్పందాలు చేసుకున్నరు. బంగారం గురించి మాట్లాడినోళ్లు, ఆ బంగారం కొనేతందుకు పైసలు పంపే డ్రైవర్ల లైసెన్స్ గురించి గదే బల్ల కాడ మాట్లాడరాదా?

అమెరికా పోయిన మన సాఫ్ట్‌వేర్ పిల్లలు గూడ ఆడ టెస్టు రాస్తరు, నిజమే. ఫెయిలైతె దోస్తులు నాలుగు రోజులు మజాక్ చేస్తరు, వారం తర్వాత మల్ల పోతరు. నౌకరి పోదు, ఇంట్ల పొయ్యి ఆరదు. డ్రైవరుకు లైసెన్సే నౌకరి. గది రాకుంటె హెల్పర్, హెల్పర్ జీతంల మిత్తి తీరది. టెస్టు ఒక్కటే, కానీ తప్పినోని మీద పడే బరువు ఒక్కతీరు గాదు. అన్యాయం గీడ ఉన్నది.

పైంగ ఆ నౌకరీలు గూడ తగ్గుతున్నయి. 2018 జూన్ 24 సంది సౌదీల ఆడోళ్లు బండ్లు నడుపుతున్నరు. ఎవలైనా సంబురపడాల్సిన సంగతే. కానీ మేడంను బడికి, బజారుకు తీస్కపోయేతందుకే వీసా మీద పోయినోళ్ల పని పాతబస్తీల ఎంతమంది ఇండ్లు నడిపిందో మాకెరుక. రేపటి రోజుల హౌస్ డ్రైవర్ వీసా కంటె మంచి చెయ్యి, మంచి కాయిదం ఉన్న డ్రైవరుకే కదర్ ఉంటది.

అందుకే సర్కార్ల ముంగట నాలుగు మాటలు పెడుతున్న.

ఒకటి. లైసెన్స్ పరీక్షను పరీక్ష లెక్క పెట్టుండ్రి. మనిషి కన్ను కాదు, ట్రాక్ మీద కెమెరా, సెన్సర్ చెప్పాలె పాసో ఫెయిలో. ఫెయిలైనోనికి ఎందుకు ఫెయిలైండో రాసియ్యాలె. ఇది గల్ఫ్ పోయేటోని కోసం ఒక్కటే గాదు, గౌలీపురాల కూరగాయలు అమ్మే అవ్వ కోసం గూడ.

రెండు. దేశమంత 'సారథి' అనే ఒక్క కంప్యూటర్ ఖాతాల లైసెన్సులు ఎక్కుతుంటె మన రాష్ట్రం ఏండ్ల తరబడి బయటనే ఉన్నది. ఈమధ్యనే కదలిక వచ్చింది. పరదేశంల ఒక ఆఫీసరు మనోని నంబర్ కొట్టి చూస్తె వివరాలు రావాలె. పాత లైసెన్సులు గూడ ఎక్కాలె. పదిహేడేండ్ల అనుభవం కంప్యూటర్ల లేకుంటె అది లేనట్టే.

మూడు. రాష్ట్రానికి టామ్‌కామ్ అని సొంత విదేశీ కొలువుల సంస్థ ఉన్నది. పాతబస్తీల ఒక జాగ చూసి ఎడమ స్టీరింగ్ బండ్లు నాలుగు, కుడి రోడ్డు ట్రాక్ ఒకటి పెట్టుండ్రి. అరబ్బీ బోర్డులు, రౌండబౌట్, లేన్ కాయిదాలు నేర్పుండ్రి. ఆడ గంటకు ఇంత అని దిర్హాముల్ల కొనే పాఠం ఈడ మన పైసలల్ల చెప్పొచ్చు. ఆడ మూడుసార్లు ఫెయిలయ్యేటోడు ఒక్కసారికే పాసయితడు.

నాలుగు. కేంద్రం రేపు ఏ గల్ఫ్ దేశంతోని కూసున్నా రెండు సంగతులు అడగాలె. మన దగ్గర గట్టి పరీక్ష పాసైనోనికి ఆడ క్లాసులు మాఫ్ చెయ్యాలె. డ్రైవర్ పనికని తీస్కపోయినోని లైసెన్స్ ఖర్చు ఎవలు కట్టాల్నో ఒప్పందంల రాయాలె. బండి యజమానిది, లాభం యజమానిది, మరి లైసెన్స్ ఖర్చు కూలోని జీతంల కెల్లి ఎట్ల కోస్తరు?

సర్కార్లు చేసేదాంక మనం ఆగుతమా? పోయేటోళ్లు పోతనే ఉంటరు. పోయే తమ్ముళ్లకు నా తరఫున గీ మాటలు.

ఏజెంటును పైసలు అడగనియ్యకముందే నువ్వు అడుగు. వీసా మీద ఏం రాసి ఉన్నది, డ్రైవరా హెల్పరా? లైసెన్స్ ఖర్చు ఎవలిది? ఎన్నిసార్లు ఫెయిలైతె ఏంది? లైసెన్స్ వచ్చేదాంక జీతమెంత, కోత ఎంత? గివి నోటి మాటలు గాదు, ఒప్పంద పత్రంల ఉండాలె. ఏజెంటు రిజిస్టరయిండా లేదా ఈ-మైగ్రేట్ వెబ్‌సైటుల చూడు. రిజిస్టరయిన ఏజెంటు తీసుకునే సర్వీస్ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటొద్దని కాయిదా ఉన్నది. లక్షలు అడిగేటోడు ఎవడో నువ్వే అర్థం చేస్కో. విజిట్ వీసా మీద రా, ఆడ మారుస్తం అన్నోని మాట అసలు వినకు. ఇంటర్నేషనల్ లైసెన్స్ ఉంటె చాలు అన్నోన్ని, "నౌకరి వీసా మీద గూడ చెల్లుతదా, రాసియ్యి" అని అడుగు. మొకం చూస్తనే తెలుస్తది. ఇక్కడి లైసెన్స్ గడువు అయిపోకుంట చూస్కో, పోయేముందే రెన్యువల్ చేయించుకో. ఆడ ఆపద పడితె, ఇంటోళ్లు ప్రజాభవన్ల ప్రవాసీ ప్రజావాణిల దరఖాస్తు పెట్టొచ్చు, 2024 సెప్టెంబర్ సంది నడుస్తున్నది.

ఇంకోటి, గిది మనసుకు కష్టమైనా చెప్పాలె. ఇంట్ల పిల్లగానికి లైసెన్స్ తీసేటప్పుడు చెట్టు కింద జిరాక్స్ డబ్బకాడికి పోకుండ్రి. రెండుసార్లు ఫెయిల్ కానియ్యుండ్రి. మూడోసారి వచ్చిన కాయిదం వానిది అయితది.

మా దోస్తు మల్ల ఇక్కడ కిరాయి కారు నడుపుతున్నడు, మిత్తి కడుతున్నడు. మొన్న ఆయన బండిల ఫలక్‌నుమా దాక పోయిన. లేన్ మారేముందు భుజం మీదికెల్లి ఎనుకకు తిరిగి చూసిండు. ముంగటి బండికి దూరం ఇడిచిండు. నడుమల మూడు ఆటోలు దూరినయి. ఎనుకోడు హారన్ కొట్టుకుంట తిట్టిండు.

ఆయన ఏమనలే. దూరం ఇడుస్తనే ఉన్నడు.

మల్ల పోతవా భాయ్ అని అడిగిన. "జానా తో హైచ్" అన్నడు. పోవుడైతె పోవుడే. ఈసారి హెల్పర్ వీసా మీద గాదు, డ్రైవరని రాసిన కాయిదం చేతికొస్తెనే ఇమానం ఎక్కుతడట. ఆ కాయిదం రాయించే బాధ్యత ఆయన ఒక్కనిదేనా?